కె.సి. కాలువ లెక్కలో సెమీకోలన్

ప్రోగ్రాము ఒకటే, దాన్ని కట్టే సీమేక్ ఫైలూ ఒకటే. కర్నూలులో కాలేజీ ల్యాబులో బిల్డ్ చేస్తే ఒక ఎర్రరు వచ్చింది. అదే ఫోల్డరును కడపలో ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేస్తే దానికి ఏమాత్రం పొంతన లేని ఇంకో ఎర్రరు. ప్రాజెక్టు చేస్తున్న ఇద్దరు విద్యార్థులు ఈ రెండు తెరల ఫొటోలూ పంపించి నన్ను అడిగారు.

"ఏందన్నా ఇది, మిషన్ మిషన్‌కూ ఒక మాట చెప్తుంది. ఏది నమ్మాల?" అన్నాడు కర్నూలబ్బాయి.

రెండింటినీ నమ్మాల్సిందే. ఒకే తప్పు రెండు చోట్ల రెండు రకాలుగా బయటపడింది. దాని కింద ఇంకో తప్పు ఉంది. అది ఈ పిల్లలు చేసింది కాదు, వాళ్ల సీనియర్ల కాలం నుంచీ ఫైల్లోనే ఉంది. ఒక్కొక్క ఆనవాలే పట్టుకుని అక్కడిదాకా ఎలా వెళ్లామో చెబుతాను.

ముందు ప్రోగ్రాము సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన తర్వాత నీటి లెక్కల మీద మా వైపు కాలేజీ పిల్లలకు ఆసక్తి పెరిగింది. ఆ మరుసటి ఏడాది ఒక బ్యాచ్ కె.సి. కాలువను ఎంచుకుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు సాగే కాలువ అది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది, 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. గేజి దగ్గర నీటి మట్టం ఎంతుందో ఇస్తే ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో చెప్పడం ఆ ప్రోగ్రాము పని.

లెక్క మానింగ్ సూత్రంతో. నీరు పారే అడ్డుకోత వైశాల్యాన్ని తడిసిన చుట్టుకొలతతో భాగించాలి. వచ్చినదాన్ని మూడింట రెండు ఘాతానికి ఎత్తి, కాలువ వాలు వర్గమూలంతో గుణించి, గట్ల గరుకుదనం గుణకంతో భాగిస్తే నీటి వేగం వస్తుంది. అంటే ప్రోగ్రాముకు ఘాతం కట్టే ‘పౌ’ ఫంక్షనూ, వర్గమూలం తీసే ‘స్క్వేర్‌రూట్’ ఫంక్షనూ కావాలి. రెండూ గణిత లైబ్రరీలోవి. లింకరుకు ఆ లైబ్రరీని ‘-ఎల్ఎమ్’ అని చెప్పాలి. చాలా గేజీల లెక్కలు ఒకేసారి నడవడానికి థ్రెడ్లు వాడారు కాబట్టి ‘-పీథ్రెడ్’ కూడా కావాలి. ఈ రెండు మాటలు మనసులో పెట్టుకోండి. కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

2010 బ్యాచ్ వెళ్లిపోయాక ప్రాజెక్టు మూలన పడింది. చాలా ఏళ్ల తర్వాత ఈ ఇద్దరూ దాన్ని బయటకు తీశారు.

ఇప్పుడు ఆనవాళ్లు. కర్నూలు ల్యాబులో వచ్చిన ఎర్రరు కంపైలరుది. ‘-పీథ్రెడ్;-ఎల్ఎమ్’ అనే ఆప్షన్ తనకు తెలియదంటోంది. కడపలో వచ్చినవి రెండు వరసలు. మొదటిది కంపైలరు మాట: ఇన్‌పుట్ ఫైళ్లే ఇవ్వలేదు, ఆపేస్తున్నాను అని. రెండోది షెల్ మాట: ‘-ఎల్ఎమ్’ అనే ఆదేశం దొరకలేదు అని.

కడప ఎర్రరు చదివినవాళ్లెవరైనా ముందు ఫైళ్ల దారులు వెతుకుతారు. కడపలో బిల్డ్ చేసిన అమ్మాయీ అదే చేసింది. ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నా చూపు మాత్రం కర్నూలు ఫొటోలో రెండు ఫ్లాగుల మధ్య కూర్చున్న సెమీకోలన్ మీద ఆగింది. ఫైల్లో అది లేదు. ఎడిటర్లో వెతికించాను, ఎక్కడా లేదు. ఎవరూ టైపు చేయని గుర్తు ఎర్రర్లోకి ఎలా వచ్చింది?

ఇద్దరిలో ఎవరు ఏ పనిముట్టుతో కడుతున్నారని అడిగాను. సీమేక్ తనంతట తానేమీ కట్టదు. ఇంకో పనిముట్టుకు కావలసిన ఫైళ్లు రాసిపెడుతుంది. కర్నూలు ల్యాబులో ఆ పని చేసేది మేక్, కడప ల్యాప్‌టాప్‌లో నింజా. సగం చిక్కు ఇక్కడే విడిపోయింది. నింజా తన ఆదేశాన్ని షెల్ చేతిలో పెడుతుంది. షెల్‌కు సెమీకోలన్ అంటే ఒక ఆదేశం అక్కడితో ముగిసిందని అర్థం. కాబట్టి ‘కంపైలరూ, -పీథ్రెడ్’ అన్నంతవరకు ఒక ఆదేశంగా నడిచింది. అందులో ఫైళ్లు లేవు గనక కంపైలరు ఇన్‌పుట్ లేదంది. మిగిలిన ముక్క ‘-ఎల్ఎమ్’తో మొదలైంది. షెల్ దాన్ని ఒక ప్రోగ్రాము పేరనుకుని వెతికి దొరకలేదంది. మేక్ దారి వేరు. అక్కడ సీమేక్ లింకు ఆదేశాన్ని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి, షెల్‌తో పని లేకుండా తానే చదివి నడుపుతుంది. అప్పుడు సెమీకోలన్‌కు ఏ ప్రత్యేకతా ఉండదు, మామూలు అక్షరంలా పక్క అక్షరాలతో కలిసిపోతుంది. అందుకే కంపైలరుకు రెండు ఫ్లాగులూ కలిసి ఒకే వింత ఆప్షనుగా చేరాయి.

రెండు ఎర్రర్లకూ మూలం ఒకటేనని తేలింది. ఆ సెమీకోలన్ ఎవరు పెట్టారన్నది మిగిలింది.

"నేను వేరియబుల్‌ను ప్రింట్ చేసి చూసినా అన్నా. ‘-పీథ్రెడ్-ఎల్ఎమ్’ అని అతుక్కుని వస్తాంది. మధ్యలో ఖాళీ పోయిందేమోనని ఇంకా ఖాళీలు పెట్టినా. అయినా అట్లే వస్తాంది," అంది కడపమ్మాయి.

నాకు దొరికిన ఆనవాళ్లలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ‘మెసేజ్’ ఆదేశానికి వేరియబుల్‌ను కోట్స్ లేకుండా ఇస్తే సీమేక్ అందులోని లిస్టును విడగొట్టి, ఒక్కొక్క అంశాన్నీ విడివిడి ఆర్గ్యుమెంటుగా పంపుతుంది. ‘మెసేజ్’ వాటిని మధ్యలో ఏమీ లేకుండా కలిపి అచ్చువేస్తుంది. "కోట్స్ పెట్టి మళ్లీ ప్రింట్ చెయ్యమ్మా," అన్నాను. చేసింది. ‘-పీథ్రెడ్;-ఎల్ఎమ్’ అని వచ్చింది. సెమీకోలన్ మొదటినుంచీ ఆ వేరియబుల్లోనే ఉంది. అడిగిన పద్ధతి వల్ల కనిపించలేదంతే.

సీమేక్‌లో ప్రతి విలువా స్ట్రింగే. లిస్టు అని వేరే రకం లేదు. మధ్యలో సెమీకోలన్లు ఉన్న స్ట్రింగును లిస్టు అనుకోవడమే అక్కడి ఒప్పందం. ‘సెట్’ ఆదేశంలో వేరియబుల్ పేరు తర్వాత కోట్స్ లేకుండా రెండు మాటలు రాస్తే, సీమేక్ వాటి మధ్య తానే సెమీకోలన్ పెట్టి దాచుకుంటుంది. రెంటినీ కలిపి కోట్స్‌లో రాస్తే మధ్యలో ఉన్నది ఖాళీగానే ఉంటుంది. రాసేవాడి కంటికి ఈ రెండు వరసలకూ తేడా రెండు చిన్న గీతలే. సోర్సు ఫైళ్ల పేర్లకు, ఇన్‌క్లూడ్ ఫోల్డర్లకు లిస్టు కావాలి. లింకర్ ఫ్లాగుల వేరియబుల్‌కు మాత్రం, అంటే పూర్తి పేరుతో ‘సీమేక్ ఎగ్జి లింకర్ ఫ్లాగ్స్’కు, కావలసింది కమాండ్ లైన్ మీద ఉన్నదున్నట్టు అతికించే స్ట్రింగు. దాన్ని సీమేక్ విడగొట్టదు, సవరించదు. లోపల సెమీకోలన్ ఉంటే సెమీకోలన్‌తోనే పంపేస్తుంది.

ఇది సీమేక్‌లో ఉన్న లోపమే అని నా అభిప్రాయం. 2000 ప్రాంతంలో కిట్‌వేర్ సంస్థ దీన్ని మొదలుపెట్టింది వైద్యచిత్రాల విశ్లేషణ కోసం తయారవుతున్న ఐటీకే అనే సాఫ్ట్‌వేర్‌ను అన్ని రకాల కంప్యూటర్ల మీదా కట్టడానికి. దానికి డబ్బిచ్చింది అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. చిన్న అవసరానికి సరిపోయే చిన్న భాష చాలనుకున్న రోజులవి. ఆ చిన్న భాష మీదే ఇవాళ లెక్కలేనన్ని ప్రాజెక్టులు నడుస్తున్నాయి. పేరులో ‘ఫ్లాగ్స్’ అని బహువచనం ఉన్న వేరియబుల్‌ను కొత్తగా నేర్చుకునే పిల్లలు లిస్టు అనుకోవడం సహజం.

పిల్లలు దాచిపెట్టిన పాత పెన్‌డ్రైవు కాపీ తెరిపించాను. 2010 నాటి ఫైల్లో ఆ వరస మొత్తం కోట్స్‌లో ఉంది. చాలా పొడుగు వరస. ఈ ఏడాది ఫైలును శుభ్రం చేస్తూ, చదవడానికి వీలుగా దాన్ని రెండు వరసలకు విరిచారు. విరిచేటప్పుడు కోట్స్ పోయాయి. అదే రోజు ఇంకా చాలా మార్పులు చేశారు కాబట్టి ఈ రెండు గీతల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

కోట్స్ తిరిగి పెట్టించాను. ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు.

రెండు చోట్లా ఇప్పుడు కొత్త ఎర్రరు వచ్చింది, అదీ ఒకే రకంగా: ‘పౌ’కు నిర్వచనం దొరకలేదని లింకరు ఫిర్యాదు. గణిత లైబ్రరీ ఇవ్వలేదా? ఇచ్చాం. మేక్‌ను వర్బోస్‌గా నడిపిస్తే ఆదేశం మొత్తం కనబడింది. అందులో ‘-ఎల్ఎమ్’ శుభ్రంగా ఉంది. నా దగ్గరున్న డెబియన్ మిషన్‌లో అదే ఫైలు పెడితే ఏ గొడవా లేకుండా లింకయింది. పిల్లల మిషన్లు రెండూ ఉబుంటు.

కర్నూలబ్బాయి తన ప్రయోగం ఒకటి చేశాడు. ‘-పీథ్రెడ్’ తీసేస్తే ఏమవుతుందో చూద్దామని ఇద్దరూ తీసి చూశారు. ల్యాబులో థ్రెడ్ ఫంక్షను దొరకలేదని ఇంకో ఫిర్యాదు చేరింది. కడపలో మాత్రం ఏ తేడా లేదు. దీంతో వాళ్లు కడప ల్యాప్‌టాప్‌లో ఏదో పాడైందనుకున్నారు. ఆ దారి ఎటూ పోదు. 2021 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.34 నుంచి థ్రెడ్ లైబ్రరీని ప్రధాన సీ లైబ్రరీలోనే కలిపేశారు. కడప ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు 22.04, ల్యాబులో ఉన్నది 20.04. కొత్తదానికి ఆ ఫ్లాగు లేకపోయినా నడుస్తుంది. గణిత లైబ్రరీ మాత్రం ఇప్పటికీ విడిగానే ఉంది.

అయితే ఆ ప్రయోగం పనికిరాకుండా పోలేదు. ల్యాబు మిషన్లో ‘-పీథ్రెడ్’ పెడితే థ్రెడ్ల ఫిర్యాదు పోతోంది. పక్కనే ఉన్న ‘-ఎల్ఎమ్’ వల్ల ‘పౌ’ ఫిర్యాదు పోవడం లేదు. ఒకే వేరియబుల్లో, ఒకే చోట, పక్కపక్కన ఉన్న రెండు మాటల్లో ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోవడానికి కారణమేమిటి?

కారణం వాటి స్వభావంలో ఉంది. ‘-పీథ్రెడ్’ కంపైలరుకు చెప్పే మాట. కమాండ్ లైన్‌లో ఎక్కడున్నా, కంపైలరు తానే థ్రెడ్ లైబ్రరీని తీసుకెళ్లి లింకరు వరస చివర పెడుతుంది. ‘-ఎల్ఎమ్’ది అలా కాదు, అది ఉన్న చోటే లెక్క. వర్బోస్ ఆదేశాన్ని మళ్లీ చూశాం. ముందు కంపైలరు, తర్వాత లింకర్ ఫ్లాగులు, తర్వాత ఆబ్జెక్ట్ ఫైళ్లు, చిట్టచివర లైబ్రరీలు. సీమేక్ లింకు ఆదేశాన్ని ఎప్పుడూ ఈ వరసలోనే రాస్తుంది. సీనియర్లు లైబ్రరీని ఫ్లాగుల్లో రాశారు గనక అది ఆబ్జెక్ట్ ఫైళ్ల కంటే ముందు పడింది.

లింకరు కమాండ్ లైన్‌ను ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదువుతుంది. కె.సి. కాలువ కింద సేద్యం చేసే ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇది చెప్పడం తేలికైంది. వంతు నీళ్లు వచ్చినప్పుడు మన మడవ తెరిచి ఉండాలి. నీళ్లు కిందికి దాటిపోయాక తెరిస్తే వెనక్కి రావు. లింకరు గణిత లైబ్రరీ దగ్గరికి వచ్చినప్పుడు ‘పౌ’ కావాలని అప్పటికింకా ఎవరూ అడగలేదు. అడిగే ఆబ్జెక్ట్ ఫైలు దాని తర్వాత ఉంది. అవసరం లేదనుకుని లైబ్రరీని వదిలేసి ముందుకు పోయింది.

మరి డెబియన్‌లో ఎలా నడిచింది? 2010లో సీనియర్లకు ఎలా నడిచింది? ఇక్కడ ‘యాజ్ నీడెడ్’ అనే లింకర్ ఆప్షన్ గురించి చెప్పాలి. షేర్డ్ లైబ్రరీలను కమాండ్ లైన్‌లో రాస్తే, వాడినా వాడకపోయినా ప్రోగ్రాముకు జతచేయడం లింకరు మామూలు పద్ధతి. అప్పుడు వరస తారుమారైనా ఇబ్బంది లేదు. ‘యాజ్ నీడెడ్’ పెడితే ఆ క్షణానికి ఎవరైనా అడిగినవాటినే జతచేస్తుంది. అనవసరమైన లైబ్రరీల బరువు ప్రోగ్రాముల మీద పడకూడదని ఉబుంటు 11.10 నుంచి, అంటే 2011 అక్టోబరు నుంచి, దీన్ని డిఫాల్టుగా పెట్టారు. డెబియన్ పెట్టలేదు. సీనియర్ల ల్యాబులో ఉన్నది ఉబుంటు 10.04. వాళ్ల ఫైల్లో లైబ్రరీ తప్పు చోట ఉంది, కానీ ఆ తప్పును బయటపెట్టే నియమం అప్పటికి లేదు.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి ‘నో యాజ్ నీడెడ్’ ఆప్షన్‌ను ఫ్లాగుల ముందు చేర్చి కట్టించాను. రెండు ఉబుంటు మిషన్లలోనూ లింకయింది. కారణం ఖాయమైంది. ఆ ఆప్షన్‌ను వెంటనే తీసేయించాను. అది పరిష్కారం కాదు, పరీక్ష మాత్రమే.

ఇదే తప్పు మన రాష్ట్రంలో ఎన్నో ల్యాబు రికార్డుల్లో ఇప్పటికీ ఉంటుంది. ‘జీసీసీ, -ఎల్ఎమ్, ఆ తర్వాత ప్రోగ్రాము పేరు’ అనే వరసను ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్ రాసుకుంటూ వస్తుంది. పాత మిషన్లలో నడిచిన ఆదేశం కొత్త ఉబుంటులో నడవకపోతే పిల్లలు తమ ప్రోగ్రామునే అనుమానిస్తారు. ఏ తప్పూ లేని ప్రోగ్రామును చెరిపి మళ్లీ రాసేవాళ్లను చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

ఒక ఆనవాలు మిగిలిపోయింది. దాన్ని కడపమ్మాయే పట్టుకుంది. "గణిత లైబ్రరీ మొత్తం పోయినప్పుడు ‘పౌ’ ఒక్కటే ఎందుకన్నా లేదంటాంది? ‘స్క్వేర్‌రూట్’ కూడా పోవాల కదా?" అని అడిగింది. ఈ ప్రశ్న వేసినందుకు ఆ అమ్మాయిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. జవాబు మానింగ్ సూత్రంలో ఉంది. కాలువ వాలు మారదు, కాబట్టి సీనియర్లు దాన్ని మ్యాక్రోగా, స్థిరమైన అంకెగా రాసేశారు. అంకె ముందే తెలిస్తే దాని వర్గమూలాన్ని జీసీసీ కంపైల్ చేసేటప్పుడే లెక్కగట్టి ఫలితాన్ని ప్రోగ్రాములో పెట్టేస్తుంది. లైబ్రరీని పిలవాల్సిన పని రాదు. ‘పౌ’కు ఇచ్చేది నీటి మట్టంతో మారే విలువ. అది ప్రోగ్రాము నడిచేదాకా తెలియదు. అందుకే దానికొక్కదానికే లైబ్రరీ కావలసి వచ్చింది. ల్యాబులో గణిత ఫంక్షన్లు నేర్పేటప్పుడు పదహారు వర్గమూలం అని నేరుగా అంకె రాసి చూపిస్తే ‘-ఎల్ఎమ్’ లేకుండానే నడిచిపోయేది ఇందుకే. మరుసటి వారం అంకె స్థానంలో వేరియబుల్ పెట్టగానే ఎర్రరు వస్తుంది.

లింకరుకు ఒక్కసారే చదివే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందంటే, 1970ల యునిక్స్ నుంచి. పీడీపీ-11 మీద ఒక ప్రాసెస్‌కు దక్కే అడ్రస్ స్పేస్ 64 కిలోబైట్లు. లైబ్రరీల చిట్టా అంతా గుర్తుపెట్టుకునే చోటు లేదు. స్టాటిక్ లైబ్రరీ లోపలి ఫైళ్లను కూడా అడిగేది ముందు, ఇచ్చేది వెనక ఉండేలా పేర్చాల్సి వచ్చేది. ఆ వరస తేల్చడానికే టీసార్ట్ అనే పనిముట్టు పుట్టింది. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్‌లోని ర్యాన్‌లిబ్ లైబ్రరీకి సూచిక తయారుచేసి లోపలి వరస బాధ తీర్చింది. లైబ్రరీకీ లైబ్రరీకీ మధ్య వరస మాత్రం గ్నూ లింకరులో ఇప్పటికీ ఉంది. ఎల్ఎల్‌డీ లాంటి కొత్త లింకర్లు స్టాటిక్ లైబ్రరీల్లో చూసిన పేర్లను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

చివరకు ఫైల్లో చేసిన మార్పు చిన్నది. లింకర్ ఫ్లాగుల వేరియబుల్‌ను ముట్టుకునే వరస పూర్తిగా తీసేశాం. గణిత లైబ్రరీని ‘టార్గెట్ లింక్ లైబ్రరీస్’ ఆదేశంలో రాశాం. థ్రెడ్ల కోసం ‘ఫైండ్ ప్యాకేజీ’తో థ్రెడ్స్‌ను వెతికించి, దాన్నీ అదే ఆదేశంలో చేర్చాం. అక్కడ లిస్టుగా రాసినా ఫరవాలేదు. ఆ ఆదేశం లిస్టును అర్థం చేసుకుంటుంది, లైబ్రరీలను ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే పెడుతుంది. మేక్‌తో, నింజాతో, రెండు ఉబుంటుల్లో, డెబియన్‌లో ప్రోగ్రాము కట్టుకుంది.

నిజంగా లింకరుకే చెప్పాల్సిన ఆప్షన్లు ఉంటే 2018 నవంబరులో వచ్చిన సీమేక్ 3.13 నుంచి ‘టార్గెట్ లింక్ ఆప్షన్స్’ ఉంది. అది లిస్టునే తీసుకుంటుంది. ఒక్క జాగ్రత్త: వచ్చిన మాటే మళ్లీ వస్తే రెండోదాన్ని తీసేస్తుంది. ‘-యు’ అని రాసి ఒక పేరు, మళ్లీ ‘-యు’ అని రాసి ఇంకో పేరు ఇస్తే, రెండో ‘-యు’ ఎగిరిపోయి రెండో పేరు అనాథలా మిగులుతుంది. లింకరు దాన్ని ఫైలు పేరనుకుంటుంది. అలాంటి జంటలను ‘షెల్:’ అనే ముందుమాటతో ఒకే కోట్స్‌లో కలిపి ఇవ్వాలి.

ల్యాబులు నడిపే అధ్యాపకులకు నా విన్నపం ఒకటుంది. సీ ప్రోగ్రామింగ్ రికార్డులో కంపైల్ ఆదేశం ఉన్న పేజీ తెరిచి చూడండి. ‘-ఎల్ఎమ్’ ప్రోగ్రాము పేరు కంటే ముందుంటే ఈ ఏడాదే చివరికి మార్చండి. సీమేక్ వాడే విద్యార్థులు తమ ఫైల్లో లింకర్ ఫ్లాగుల వేరియబుల్ ఉన్న వరస చూడండి. అందులో ‘-ఎల్’తో మొదలయ్యే లైబ్రరీ పేరు ఏదైనా ఉంటే తీసి ‘టార్గెట్ లింక్ లైబ్రరీస్’లో రాయండి. ఎర్రరు అర్థం కాకపోతే ఫైలు మార్చే ముందు మేక్‌లో వర్బోస్, నింజాలో ‘-వి’ పెట్టి, లింకరుకు చేరిన ఆదేశం మొత్తం ఒకసారి చదవండి.